నల్లరాళ్ళ కోటలో ఒక నడక

నీళ్ళు రాని రోజు ఇల్లు ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. కుళాయి ఒక్క పూట రాకపోతే చాలు, వంటా, స్నానాలూ, బట్టలూ అన్నీ ఆగిపోతాయి. బియ్యం డబ్బా నిండుగా ఉన్నా బిందె ఖాళీ అయితే ఏం చేస్తాం? నీళ్ళు అందకనే ఒక జాతి తన కోటను వదిలిపోయిన చోటు ఒకటుంది. ఈ వేళ దాన్ని గురించి చెబుతాను.

అది అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రానికి ఉత్తరపు కొసన ఉంది. పేరు 'లావా బెడ్స్'. పిల్లల దగ్గరికి కాలిఫోర్నియా వెళ్ళి వచ్చే తల్లులు ఈ రోజుల్లో మనలో ఎంతోమంది. వెళ్ళినవాళ్ళకు పెద్ద వంతెనలూ, దుకాణాలూ చూపిస్తారు. వీలైతే ఇక్కడికి కూడా తీసుకెళ్ళమని అడగండి. అక్కడ 'కెప్టెన్ జాక్ కోట' అనే చోట ఒక కాలిబాట ఉంది. లోపలి చుట్టు 800 మీటర్లే. బయటి చుట్టు తిరిగితే సుమారు రెండున్నర కిలోమీటర్లు.

కోట అన్నానని బురుజులూ, సింహద్వారం ఊహించుకోకండి. మనుషులు అక్కడక్కడ నాలుగు రాళ్ళు పేర్చారు, అంతే. తక్కినదంతా అగ్నిపర్వతం కట్టిన కోటే. సుమారు ముప్పై వేల ఏళ్ళకు పూర్వం అక్కడ లావా ప్రవహించింది. కాగిన పాల మీద మీగడ కట్టినట్లు దాని పైభాగం గట్టిపడింది. అడుగున ఇంకా మరుగుతున్న లావా వచ్చి చేరుతుంటే ఆ పైపెచ్చు, పెనం మీద జొన్నరొట్టె పొంగినట్లు పొంగి, నెర్రెలు విచ్చింది. కొన్నిచోట్ల కుంగి గోతులయింది. ఆ నెర్రెలే మనిషి లోతు సందులు. ఆ గోతులే గుహలు.

మన ఆదిలాబాదు వైపు నల్లరాయి కూడా లావా గడ్డకట్టినదే. అయితే అది ఆరున్నర కోట్ల ఏళ్ళ నాటిది. ఎండకూ వానకూ అరిగి అరిగి పత్తి పండే నల్లరేగడి అయింది. దానితో పోలిస్తే ఈ రాయి నిన్నమొన్నటిది. ఇంకా పదును చావలేదు. నేను తూలి ఒకచోట చెయ్యి ఆనించుకుంటే అరచేయి కొబ్బరికోరుకు తగిలినట్లు గీసుకుపోయింది.

ఈ ప్రాంతం మోడాక్ అనే ఆదివాసులది. పక్కన టూలీ సరస్సు, దగ్గర్లో లాస్ట్ నది, చేపలూ దుంపలూ వాళ్ళ ఆహారం. తెల్లవాళ్ళు వచ్చి ఆ భూముల్లో స్థిరపడ్డారు. 1864లో ఒక ఒప్పందం చేసి, మోడాక్‌లను ఉత్తరాన క్లామత్ అనే మరో తెగవారి మధ్యకు పంపారు. అక్కడ పొసగలేదు. కింట్‌పువాష్ అనే నాయకుడు తనవాళ్ళతో నది ఒడ్డుకు తిరిగి వచ్చేశాడు. తెల్లవాళ్ళు 'కెప్టెన్ జాక్' అన్నది ఇతన్నే. సొంత నది పక్కన కాస్త చోటివ్వండి అన్నదే అతని కోరిక. ఇవ్వలేదు. 1872 నవంబరు 29న సైన్యం వాళ్ళను లేపడానికి వచ్చింది. కాల్పులు జరిగాయి. వాళ్ళు ఈ రాళ్ళలోకి వచ్చి చేరారు.

మొత్తం నూట యాభై మందికి పైగా ఉంటే, తుపాకీ పట్టగలవాళ్ళు యాభై అరవై మందే. తక్కినవాళ్ళు ఆడవాళ్ళూ, పిల్లలూ, ముసలివాళ్ళూ. ఆ చలికాలమంతా ఆ గుహల్లోనే సంసారం. గుహలో నిలబడినప్పుడు నాకు యుద్ధం తోచలేదు. ఇంతమందికి పొయ్యి ఎక్కడ వెలిగించారో, పసివాళ్ళను ఎక్కడ పడుకోబెట్టారో అని వెతికాను.

1873 జనవరి 17న మూడు వందలకు పైగా సైనికులు పొగమంచులో దాడి చేశారు. రాళ్ళలో దారి తెలియక ముప్పై మందికి పైగా చనిపోయారు లేదా గాయపడ్డారు. ఎదుటివాడు కంటపడనే లేదు!

తర్వాత సంధి మాటలు మొదలయ్యాయి. రెండు భాషల మధ్య నిలిచిన మనిషి వినీమా. మోడాక్ ఆడపడుచు, కింట్‌పువాష్ బంధువు, ఒక తెల్లవాడి ఇల్లాలు. సంధికి వచ్చినవాళ్ళను చంపేస్తారని ఆమె ముందే హెచ్చరించింది. వాళ్ళు వినిపించుకోలేదు. కింట్‌పువాష్‌కు కూడా మొదట ఇష్టం లేదట. అయితే తనవాళ్ళే ఆడవాళ్ళ టోపీ నెత్తిన పెట్టి, "నువ్వు ఆడదానివి" అని ఎగతాళి చేశారని చెబుతారు. ఆ మాట పడలేక ఒప్పుకున్నాడు. ఏప్రిల్ 11న జనరల్ కాన్బీని కాల్చి చంపాడు. ఆడతనం అవమానమనుకున్న ఆ ఒక్క మాటకు ఎంత ఖరీదో చూడండి. ఆ తర్వాత సంధి మాటే లేదు.

ఏప్రిల్ 15న ఆరు వందలకు పైగా సైన్యం తిరిగి వచ్చింది. ఈసారి రాళ్ళలోకి చొరబడటం కంటే, కోటకూ సరస్సుకూ మధ్య అడ్డంగా నిలబడింది. రాళ్ళలో నీటి ఊట లేదు. పిల్లలు దాహంతో ఎన్నాళ్ళు ఆగుతారు? మూడో రోజు తెల్లవారేసరికి కోట ఖాళీ. ఆడవాళ్ళూ పిల్లలతో సహా అందరూ రాత్రికి రాత్రే జారిపోయారు. అయితే నీళ్ళ చోటు పోయాక ఎంతో కాలం నిలవలేకపోయారు. జూన్ మొదట్లో కింట్‌పువాష్ పట్టుబడ్డాడు. అక్టోబరు 3న అతన్నీ, మరి ముగ్గురినీ ఉరితీశారు. మిగిలినవాళ్ళను ఎక్కడో దూరాన ఓక్లహోమాకు తరలించారు. తిరిగి రావడానికి అనుమతి 1909లో గాని రాలేదు.

ఈనాడు బాట మీద నిలబడి ఉత్తరానికి చూస్తే ఆ సరస్సు కూడా అక్కడ లేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నీళ్ళు తోడి పొలాలు చేశారు. ఎవరి నీళ్ళకోసం ఇంత జరిగిందో ఆ ఒడ్డే దూరం జరిగిపోయింది.

వెళ్ళేవారికి నాలుగు మాటలు. చెప్పులు పనికిరావు, గట్టి బూట్లు వేసుకోండి. చీర కుచ్చిళ్ళు పొదలకు తగులుకుంటాయి, సల్వారో, పంట్లామో మేలు. నీడ లేదు, ఉదయమే నడవండి. గిలక పాములుంటాయి, రాళ్ళ సందుల్లో చేతులు పెట్టకండి. మోడాక్ సంతతివారికి అది ఈనాటికీ పవిత్రస్థలం. వాళ్ళు వదిలి వెళ్ళిన ముడుపులు కనిపిస్తే ముట్టకండి, రాయి ముక్క కూడా తెచ్చుకోకండి.

అన్నిటికంటే ముఖ్యం, నీళ్ళ సీసా నింపుకుని వెళ్ళండి. నడక పూర్తయ్యాక అందులోంచి ఒక గుక్క తాగినప్పుడు, ఆ రాత్రి బిడ్డలను చంకనెత్తుకుని చీకట్లో ఆ రాళ్ళు దాటిన తల్లులు తప్పకుండా గుర్తుకు వస్తారు.