పని నేర్పుటకు ముందు చేయవలసిన పని

పని తెలిసినవాడు వేఱు. పని నేర్పువాడు వేఱు. ఏది నేర్పవలెనో, ఏ వరుసలో నేర్పవలెనో, నేర్చినదానికి గుర్తేమో ముందుగా ఆలోచించి అమర్చువాడు మఱియొకడు. మొదటి యిద్దఱిని మన గ్రామములు తరతరములుగా ఎఱుగును. మూడవవానిని గుఱించియే నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని. వీనిని ఇంగ్లీషున ఇన్‌స్ట్రక్షనల్ డిజైనరు అందురు. మనము శిక్షణ కూర్పరి యని పిలుచుకొనవచ్చును. నా జీవనవృత్తియు ఇదియే.

ఇల్లు కట్టునప్పుడు మేస్త్రీ గోడ లేపును, వడ్రంగి తలుపు బిగించును. కాని ద్వార మే దిక్కున ఉండవలెనో, వంటయిల్లు ఎక్కడనో ముందు ముగ్గు పోసినవా డొకడుండును. ముగ్గు తప్పినయెడల మేస్త్రీ ఎంత నేర్పరియైనను ఇల్లు కుదురదు. శిక్షణయందును ఇట్లే. గురువు మంచివాడైనను పాఠపు ముగ్గు సరిగా లేనిచో శిష్యుడు విన్నది వినినట్లే మఱచును.

ఈ విషయము నిజామాబాదు జిల్లావారికి దూరపు సంగతి కాదు. మంజీరపై నిజాంసాగరము 1923లో ఆరంభింపబడి 1931లో పూర్తియైనది. ఆ నీటితో బోధను ప్రాంతమున చెఱకు విస్తరించినది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడినది. దాని చుట్టును శక్కర్‌నగర్ వెలసినది. అంతకుముందు గానుగ యెద్దులను తోలినవారికిని, పెనముపై బెల్లము వండినవారికిని మాఱుగా బాయిలరు నడపువారు, మరలు బిగించు ఫిట్టర్లు, రసాయన పరీక్షలు చేయువారు, పాను వండువారు కావలసివచ్చిరి. వ్యవసాయము తప్ప వేఱొకటి యెఱుగని పల్లెల బిడ్డలు కొలది యేండ్లలోనే యంత్రముల పని నేర్చిరి. ఒకని ప్రక్క నొకడు నిలిచి, చూచి, చేసి, దిద్దించుకొని నేర్చిన విద్య యది.

ఆ విద్యలో పాను వంట మిక్కిలి సూక్ష్మమైనది. చెఱకు రసమును సున్నముతోను గంధకపు పొగతోను శుద్ధిచేసి, చిక్కబఱచి, గాలి తీసివేసిన పెద్ద పాత్రలో తక్కువ వేడిమిపై ఉడికింతురు. పాకము పలుచనైనచో కట్టిన రవ్వ మరల కరగును. మితిమీఱి చిక్కనైనచో కోరని సన్నరవ్వ పుట్టి పంచదార చెడును. ఈ రెంటి నడుమ నున్న యిఱుకు దారిని పాను వండువాడు ఎట్లు కనుగొనును? పాత్రనుండి నమూనాను తీసి గాజుపలకపై రాచి వెలుతురున చూచును. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ సాగదీసి తీగను పరీక్షించును. మన బెల్లపు వంటవాడు పాకమును నీటిలో వేసి ఉండ కట్టినదా యని చూచుటకు ఇది దాయాది.

ఇట్టి పనివానిని "నీకెట్లు తెలిసినది?" అని యడిగినచో, నేను తఱచు వినుమాట యొక్కటే: "చేతికి తెలియును." ఇది గర్వము కాదు, దాచుకొనుటయు కాదు. పని బాగుగా అలవడినకొలదియు దానిని మాటలలో పెట్టుట కష్టమగును. నడచువానిని "ఏ కండరము ముందు కదలినది?" అని యడిగిన నేమి చెప్పగలడు? కనుక కూర్పరి ఆ ప్రశ్న యడుగరాదు. రెండు నమూనాలు ప్రక్కప్రక్కన నుంచి, "వీనిలో ఏది మేలు? రెండవది ఏల కాదు?" అని యడుగవలెను. అప్పుడు పనివాని నోట మాటలు వచ్చును: రవ్వ అంచు పదునుగా లేదనియో, నడుమ దుమ్మువంటి సన్నరవ్వ కానవచ్చుచున్నదనియో చెప్పును. ఆ భేదములే పాఠమునకు విత్తనములు. చేతిలోనున్న తెలివిని నోటికి తెచ్చి, నోటినుండి కాగితమునకు తెచ్చి, కాగితమునుండి మఱియొకని చేతికి చేర్చుట కూర్పరి పనిలో ఒక ముఖ్య భాగము.

అయితే అంతకంటె ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: ఇచ్చట శిక్షణ కావలెనా? ఈ ప్రశ్న వినుటకు వింతగా నుండును. ఒక దృష్టాంతము చెప్పెదను. ఒక మిల్లునకు వచ్చు చెఱకు ఎండిపోయి, తీపి తగ్గి వచ్చుచున్నదనుకొందము. "రైతులకు తెలియదు, శిక్షణ యిండు" అని యధికారి యనును. కూర్పరి పొలమునకు పోయి చూడగా, నఱకిన చెఱకును ఒక దినములోపల ఆడవలెనని రైతు లెల్లరును ఎఱుగుదురు. కాని బండ్లు కాటా వద్ద వరుసలో నిలిచి యున్నవి. కోతకు ఉత్తరువు ఆలస్యముగా వచ్చినది. అట్టియెడ రైతునకు పది దినములు పాఠము చెప్పినను చెఱకున తీపి పెరుగదు. దిద్దవలసినది కాటా వరుస. రైతు బుద్ధి కాదు. పనిలోని లోపమునకు కారణము తెలియమియా, పనిముట్టు లేమియా, ఏర్పాటు లోపమా అని విడదీసి చూపుట కూర్పరి మొదటి ధర్మము. శిక్షణ అక్కఱలేదని చెప్పగల ధైర్యము లేనివాడు ఈ పనికి తగడు.

శిక్షణ నిజముగా కావలెనని తేలినప్పుడు ఏమి చేయును? చెఱకు పండినదో లేదో తెలిసికొనుటను తీసికొందము. దీనికి రిఫ్రాక్టోమీటరను చిన్న దుర్బిణివంటి సాధనము కలదు. దాని గాజుపై రసపు బొట్టు వేసి వెలుతురువైపు చూచినచో బ్రిక్సు అంకె కానవచ్చును. మామూలుగా శిక్షకుడు ఏమి చేయును? వెలుతురు ఎట్లు వంగునో, సాధనమును ఎవ్వరు కనుగొనిరో ఒక గంట చెప్పి, చివఱ పది నిమిషములు సాధనమును చేతులు మార్చును. కూర్పరి దీనిని తలక్రిందులు చేయును. ముందుగా గమ్యమును వ్రాసికొనును: "ఈ దినము చివఱ రైతు తన తోటలో తానే రసము చూచి, కోయవచ్చునో లేదో నిర్ణయింపవలెను." ఇందులో "తెలిసికొనును", "అవగాహన పొందును" అను మాటలు లేవు, కంటితో చూడదగిన చేత మాత్రమే కలదు.

పిమ్మట పనిని మెట్లుగా విడదీయును. గట్టు వెంబడి గడలు కాక తోట లోపల నాలుగైదు చోట్ల గడలను ఎన్నుకొనుట, గడ పైభాగమునుండియు, నడుమనుండియు, అడుగునుండియు రసము తీయుట, ప్రతిమాఱును గాజును కడిగి తుడుచుట, అంకె చూచి వ్రాసికొనుట, చివఱకు నిర్ణయము. మొదటి నాలుగును గడియసేపటిలో వచ్చును. ఐదవదియే కష్టము. అంకె 18 దాటిన మంచిదే. కాని పై కణుపులకును అడుగు కణుపులకును తీపిలో ఎక్కువ భేదమున్నచో తోట ఇంకను పండలేదు. భేదము తగ్గినప్పుడే కోతకు అదను. కనుక కూర్పరి దినములో అధికభాగమును ఈ నిర్ణయమునకే కేటాయించును. పండిన తోట, పండని తోట, పండి ముదిరిన తోట, మూడింటిలోను రైతునే నడిపించును. తప్పు జరుగు చోటనే అభ్యాసము పెట్టవలెను. తప్పు జరుగని చోట ఉపన్యాసము వ్యర్థము. ఇది యీ శాస్త్రమునకు నడుము ఎముక.

ఈ శాస్త్రము యుద్ధముల నడుమ పెరిగినది. మొదటి ప్రపంచయుద్ధకాలమున అమెరికాలో ఓడలు కట్టుటకు వేలకొలది క్రొత్త పనివారు కావలసివచ్చిరి. చార్లెస్ ఆలెన్ అనువాడు నాలుగు మెట్ల పద్ధతిని ఏర్పఱచి 1919లో గ్రంథముగా వెలువరించెను: నేర్చువానిని సిద్ధము చేయుట, చేసి చూపుట, వానిచేత చేయించుట, చేసినదానిని పరీక్షించుట. రెండవ యుద్ధమున, 1940 మొదలు 1945 వఱకు, అచ్చటి కర్మాగారములలో ఇదే మార్గము మరల విరివిగా నడచినది. పిదప జపాను దానిని కైకొన్నది. 1975లో ఫ్లోరిడా రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు అమెరికా సైన్యము కొఱకు ఈ పనినంతయు విభాగించి ఒక క్రమము కూర్చిరి. పరిశీలించుట, రూపకల్పన చేయుట, సామగ్రి సిద్ధపఱచుట, నడపుట, ఫలితము తూచుట అను అయిదు అంగములతో ఆ క్రమము నేటికిని వాడుకలో నున్నది.

మన దేశమునను ఈ పని లేకపోలేదు. పంచదార విద్యకు కాన్పూరున 1936లో స్థాపింపబడిన సంస్థ యున్నది. చెఱకు వంగడములకు కోయంబత్తూరున 1912 నుండి పరిశోధనాలయము నడచుచున్నది. మన జిల్లాలోనే రుద్రూరున చెఱకు, వరి పరిశోధన కేంద్రమున్నది. ఐ.టి.ఐ. విద్యార్థులకు పాఠ్యసామగ్రి కూర్చుటకు జర్మనీ సహాయముతో 1986లో మద్రాసున ఒక కేంద్రము నెలకొల్పిరి. నేడు దానిని నిమి యందురు. ఆ పుస్తకములలో చేతిపని ఒక సంపుటము, దాని శాస్త్రము వేఱొక సంపుటము. ఫిట్టరు విద్య నేర్చు మన పిల్లవాడు ఆకురాయి పట్టుట మొదలు వరుసగా అభ్యాసములు చేయుచు పోవుటకు వెనుక, వానికి కనబడని కూర్పరులు ఎందఱో యుందురు.

నేడు చేతిలో ఫోను లేని యిల్లు అరుదు. "పాఠమును చలనచిత్రముగా తీసి పంపినచో చాలదా?" అని కొంద ఱడుగుదురు. చిత్రము చేసి చూపుటకు మేలైన సాధనమే. మరల మరల చూడవచ్చును. చదువు రానివారికిని పనికివచ్చును. కాని ఆలెన్ నాలుగు మెట్లలో అది రెండవ మెట్టు మాత్రమే. చేయించుట, పరీక్షించుట మిగిలియే యుండును. ఈత చూచినవాడు ఈదలేడు. భాషయు ముఖ్యమే. మందు చల్లువానికి డబ్బాపై సన్న యక్షరముల హెచ్చరిక చాలదు. ఎంత మందునకు ఎన్ని బిందెల నీరో, గాలి ఏ వైపునుండి వీచునప్పుడు ఎట్లు నిలువవలెనో మన మాటలో, మన కొలతలో చెప్పినప్పుడే అది వాని ప్రాణమును కాచును.

శిక్షణ ఫలించినదో లేదో తూచుట యెట్లు? విస్కాన్సిను విశ్వవిద్యాలయమున నుండిన డొనాల్డు కిర్క్‌పాట్రిక్ 1959లో నాలుగు ప్రశ్నలను వరుసగా నిలిపెను. వచ్చినవారికి నచ్చినదా? వారు నేర్చిరా? నేర్చినదానిని ఇంటికి పోయి చేసిరా? చేసినందువలన లాభము కలిగినదా? మన సభలలో సాధారణముగా మొదటి ప్రశ్నతోనే సరిపెట్టుదురు. హాజరు పట్టీపై సంతకములు, ఒక ఛాయాచిత్రము, తేనీరు, ధ్రువపత్రము. ఇవన్నియు నున్నను, మఱుసటి యేడు పొలములో మార్పు లేనిచో, జరిగినది సభయే కాని శిక్షణ కాదు.

పెద్దలారా, ఇది మీకేల చెప్పుచున్నాననగా, గ్రామమునకు శిక్షణ వచ్చినప్పుడు ఎవ్వరిని పంపవలెనో, ఏ దినము జరుపవలెనో నిర్ణయించువారు మీరు. వచ్చినవారిని మూడు మాటలు అడుగుడు: శిక్షణ ముగిసిన పిదప మా పిల్లవాడు ఏమి చేయగలడు? వాని చేత మీ యెదుట ఎన్నిమాఱులు చేయింతురు? మూడు మాసముల పిమ్మట మరల వచ్చి చూతురా? ఈ ప్రశ్నలకు తడుముకొనక బదులు చెప్పినవారి వెనుక మంచి కూర్పరి యున్నాడని తెలిసికొనవచ్చును.

మఱియొక మనవి. బోధను కర్మాగారమున అధికభాగము 2002లో ప్రైవేటు యాజమాన్యమునకు పోయినది. 2015 డిసెంబరులో పని నిలిచినది. 2024లో దాని పునరుద్ధరణ విషయమై రాష్ట్ర ప్రభుత్వము ఒక సంఘమును నియమించినది. యంత్రములను ధనముతో కొనవచ్చును, బాగుచేయవచ్చును. కాని గాజుపలకపై రవ్వను చూచి పాకపు మర్మము చెప్పగల కన్నులు ఆ చుట్టుపట్ల పల్లెలలో ముసలితనమును పొందుచున్నవి. ఒకనినుండి మఱియొకనికి ప్రాకుచు వచ్చిన ఆ విద్య, ప్రక్కన నిలుచు శిష్యుడు లేక నిలిచిపోయినది. మిల్లు తెఱచినను తెఱవకున్నను, పాకము, రవ్వ, బాయిలరు, మరలు తెలిసిన బుద్ధి ఏ పరిశ్రమకైనను పెట్టుబడియే. మీ యూరిలో అట్టివా రున్నచో, చదివిన మనుమని నొకనిని కాగితముతోను ఫోనుతోను వారి చెంత కూర్చుండబెట్టుడు. "ఎట్లు చేసితివి?" అని కాక, "ఇది ఏల మంచిది, అది ఏల చెడ్డది?" అని యడుగ నేర్పుడు. వారు చెప్పినది వారి మాటలలోనే వ్రాయింపుడు. పాఠముగా కూర్చుటకు పిదప ఎవ్వరైనను రాగలరు. చెప్పువారు పోయిన పిదప కూర్చుటకు ఏమియు మిగులదు.