దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు: దర్యాప్తు నేర్పిన పాఠం

మతం పేరుతో సాధారణ పౌరులను చంపి, ఆ భయంతో ప్రభుత్వాలను లొంగదీయజూసే సాయుధ ధోరణిని పరిశోధకులు జిహాదీ ఉగ్రవాదం అంటారు; 2004లో మాడ్రిడ్‌ను, 2005లో లండన్‌ను, 2015లో పారిస్‌ను రక్తసిక్తం చేసింది ఇదే. తెలుగు నేలకూ ఆ గాయం తెలుసు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం, జనం ఇళ్లకు మళ్లే వేళ, హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్‌లో 107 బస్టాపు వద్ద ఒకటి, ఏ-1 మిర్చి సెంటర్ దగ్గర మరొకటి, ఎవరూ అనుమానించని సైకిళ్లకు అమర్చిన బాంబులు పేలి 18 ప్రాణాలు పోయాయి.

నిందితులు ఒకే రాష్ట్రానికి చెందినవారు కారు, ఒకరు పాకిస్తానీయుడు. అందుకే, ముంబై దాడుల తరువాత ఏర్పడి రాష్ట్రాల సరిహద్దులు దాటి దర్యాప్తు చేయగల జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) ఈ కేసుకు అవసరమైంది. ఐరోపా దేశాలు కూడా సమాచారం పంచుకోవడానికి 2016లో యూరోపోల్‌లో ప్రత్యేక కేంద్రాన్ని నెలకొల్పుకున్నాయి. ఉగ్రవాదులపై సాయుధ చర్యల కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లోనే ఆక్టోపస్ దళాన్ని ఏర్పాటు చేసింది.

అయితే తొందరపాటు అనుమానం ఉగ్రవాదులకే మేలు చేస్తుంది. 2007 మే నెలలో మక్కా మసీదు పేలుడు తరువాత పోలీసులు పట్టుకున్న ముస్లిం యువకులు న్యాయస్థానాల్లో నిర్దోషులుగా తేలారు. వారు పోగొట్టుకున్న కాలాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు. దిల్‌సుఖ్‌నగర్ కేసులో మాత్రం సాక్ష్యం నిలబడింది: ఉగ్రవాద సంస్థ ఇండియన్ ముజాహిదీన్‌కు చెందిన ఐదుగురికి 2016 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానం మరణశిక్ష విధించగా, 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దానిని ఖరారు చేసింది.