మీకు తెలుసా? కరివేపాకు చెట్టే సీతాకోకచిలుక పుట్టిల్లు

వసంతంలో చిగురు వేసిన నిమ్మ, కరివేపాకు చెట్ల చుట్టూ నలుపు మీద లేత పసుపు మచ్చల సీతాకోకచిలుక తిరుగుతుంటే ఆగి చూడండి. అది నిమ్మ సీతాకోకచిలుక.

• ఆడది ముందుకాళ్లతో ఆకును తట్టి రుచి చూస్తుంది. తన పిల్లలు తినే మొక్కేనని తేలాకే ఆవగింజంత పసుపు గుడ్డు పెడుతుంది.

• చిన్న గొంగళిపురుగు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. అందుకే పక్షులు దాని జోలికి పెద్దగా రావు. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది.

• దాన్ని కదిపితే తల వెనక నుంచి రెండు కొమ్ముల ఎర్రని అవయవం బయటికొస్తుంది. ఘాటైన వాసనతో శత్రువును తరిమేస్తుంది.

• పూర్తిగా పెరిగిన పురుగు నడుముకు పట్టుదారం కట్టుకుని పుల్లను అంటిపెట్టుకుని, కదలని ప్యూపాగా మారుతుంది. ప్యూపా పరిసరాలను బట్టి పచ్చగానో గోధుమరంగులోనో ఉంటుంది.

• ప్యూపా నుంచి బయటికొచ్చినప్పుడు సీతాకోకచిలుక రెక్కలు ముడతలు పడి ఉంటాయి. ఒంట్లోని ద్రవాన్ని వాటిలోకి పంపి విప్పుకుంటుంది. అప్పుడు ముట్టుకుంటే రెక్కలు వంకరపోవచ్చు.

పెంచి చూడాలంటే: పురుగున్న రెమ్మను వెడల్పు సీసాలో పెట్టి, మూతికి పలుచని గుడ్డ కట్టండి. మందు కొట్టని తాజా ఆకు రోజూ వేసి, రెట్టలు తీసేయండి. ప్యూపా కట్టుకోవడానికి ఓ పుల్ల నిలబెట్టండి. రెక్కలు ఆరాక తోటలో వదిలేయండి.

నాలుగు ఆకులు పోయాయని పురుగుమందు కొట్టకండి. పెరట్లో ఒక్క కొమ్మనైనా వాటికి వదలండి.