సమ్మె అనని సమ్మె: విమానయాన సిబ్బంది సమష్టి చర్య - పేరు, చట్టం, పర్యవసానం

వ్యాససంగ్రహం

జీతభత్యాలు, పని పరిస్థితులపై అసంతృప్తి ముదిరినప్పుడు విమానయాన సిబ్బంది మధ్య జరిగే చర్చ ‘సమ్మె చేయాలా, వద్దా’ అన్న ప్రశ్నతో ముగియదు. చేయబోయే పనిని ఏ పేరుతో చేయాలన్నది అంతకన్నా చిక్కు ప్రశ్న. సమ్మె అంటే ఒక చట్టం, సెలవు అంటే మరొక నియమం వర్తిస్తాయి. భారతదేశంలో 2009, 2012, 2024 సంవత్సరాల్లో జరిగిన మూడు ఆందోళనల ఆధారంగా, సమ్మె మార్గం ఇరుకైనకొద్దీ సిబ్బంది అనారోగ్య సెలవును ఆశ్రయించిన తీరును, దానివల్ల వారికీ ప్రయాణికుల భద్రతకూ కలిగే నష్టాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: సమ్మె, మూకుమ్మడి సెలవు, రాజీ ప్రక్రియ, క్యాబిన్ సిబ్బంది, పైలట్లు, పారిశ్రామిక సంబంధాల కోడ్.

1. ఉపోద్ఘాతం

విమాన సిబ్బంది పెద్దసంఖ్యలో ఒకేసారి విధులకు రానప్పుడు తెలుగు పత్రికలు తరచుగా వాడే మాట ‘మూకుమ్మడి సెలవు’. ఈ మాటలో ‘మూక’, ‘ఉమ్మడి’ అనే రెండూ వినిపిస్తాయి. ఉమ్మడి అన్నప్పుడు కలిసి పంచుకున్న కష్టం, కలిసి తీసుకున్న నిర్ణయం స్ఫురిస్తాయి. మూక అన్నప్పుడు క్రమశిక్షణ లేని గుంపు స్ఫురిస్తుంది. ఒకే చర్యను సిబ్బంది మొదటి దృష్టితో, యాజమాన్యం రెండో దృష్టితో చూస్తాయి. న్యాయస్థానం ముందు తేలవలసిందీ ఇదే: అది విడివిడి వ్యక్తుల సెలవా, కూడబలుక్కొని చేసిన పని నిలుపుదలా? ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీద ఉద్యోగాలు ఆధారపడి ఉంటాయి.

2. చట్టం గీసిన పరిధి

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం సమ్మెకు విస్తృతమైన నిర్వచనం ఇచ్చింది. పరిశ్రమలో పనిచేసేవారు కలిసికట్టుగా పని ఆపడం, ఉమ్మడి అవగాహనతో పనికి నిరాకరించడం దాని పరిధిలోకి వస్తాయి. విమాన రవాణాను ఆ చట్టం ప్రజోపయోగ సేవగా పరిగణించింది. అందువల్ల అందులో సమ్మెకు ముందస్తు నోటీసు తప్పనిసరి. నోటీసు ఇచ్చిన 14 రోజులలోపు పని ఆపరాదు. రాజీ ప్రక్రియ నడుస్తున్నంతకాలం, అది ముగిసిన తరువాత 7 రోజులపాటు కూడా ఆపరాదు.

ఇక్కడొక మెలిక ఉంది. ప్రజోపయోగ సేవలో సమ్మె నోటీసు అందగానే అధికారి రాజీ ప్రక్రియను చేపట్టాలి. రాజీ ప్రక్రియ మొదలైతే సమ్మె నిషిద్ధమవుతుంది. అంటే సమ్మెకు దారి తీయవలసిన నోటీసే సమ్మెను వాయిదా వేసే సాధనం కూడా. రాజీ ఫలించినప్పుడు ఈ ఏర్పాటు ఇరుపక్షాలకూ మేలు చేస్తుంది. రాజీ సాగదీతగా మారినప్పుడు మాత్రం సిబ్బంది చేతులు కట్టేసినట్లవుతుంది.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ నియంత్రణను అన్ని పరిశ్రమలకూ విస్తరించింది. నిర్వచనంలోనూ ఒక కొత్త అంశాన్ని చేర్చింది. ఒక పరిశ్రమలోని కార్మికుల్లో 50 శాతం లేదా అంతకు మించినవారు కూడబలుక్కొని ఒకే రోజున క్యాజువల్ సెలవు పెడితే అది కూడా సమ్మె కిందికే వస్తుంది. సెలవు పేరుతో సాగే నిరసనను చట్టం సూటిగా గుర్తించిందనడానికి ఇది నిదర్శనం.

3. మూడు సందర్భాలు

3.1. 2009, జెట్ ఎయిర్‌వేస్: పైలట్లు ‘నేషనల్ ఏవియేటర్స్ గిల్డ్’ పేరుతో సంఘం ఏర్పాటు చేసుకున్నారు. సంఘం పనిలో ముందున్న ఇద్దరిని సంస్థ తొలగించడంతో సమ్మె నోటీసు వెలువడింది. రాజీ ప్రక్రియ మొదలైంది. సమ్మెకు దారి మూసుకుపోగా సెప్టెంబరు 8 నుంచి వందలాది పైలట్లు అనారోగ్య సెలవు పెట్టారు. బొంబాయి హైకోర్టు ఆంక్ష విధించినా ప్రతిష్టంభన ఐదు రోజులు కొనసాగింది. చివరకు ఒప్పందం కుదిరి, తొలగించినవారిని తిరిగి తీసుకున్నారు. ఈ వివాదంలో జీతం కన్నా ముందున్నది సంఘం పెట్టుకునే హక్కు.

3.2. 2012, ఎయిర్ ఇండియా: 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విలీనమయ్యాయి. సంస్థలు ఒకటైనా జీతాలు, పదోన్నతులు వెంటనే ఒకటి కాలేదు. తమకూ సమాన వేతనం కావాలని పూర్వపు ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు 2011లో సమ్మె చేశారు. మరుసటి ఏడాది రెండో పక్షం కదిలింది. కొత్త బోయింగ్ 787 విమానాల శిక్షణను పూర్వపు ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లతో పంచుకోవడం తమ పదోన్నతులకు దెబ్బ అని ఇండియన్ పైలట్స్ గిల్డ్ వాదించింది. ఇదీ అనారోగ్య సెలవులతోనే మొదలైంది. 58 రోజులు సాగింది. ఢిల్లీ హైకోర్టు దాన్ని అడ్డుకుంది, సంస్థ సుమారు వందమందిని తొలగించింది. ఒకే వృత్తిలోని రెండు వర్గాల ప్రయోజనాలు ఢీకొన్నప్పుడు ‘సమష్టి’ అన్న మాటకే అర్థం చెదిరిపోతుందని ఈ ఉదంతం చూపుతుంది.

3.3. 2024, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్: ఇక్కడా నేపథ్యం విలీనమే. పూర్వపు ఎయిర్‌ఏషియా ఇండియాతో సంస్థ కలిసే క్రమంలో భత్యాలు తగ్గాయని, అందరినీ సమానంగా చూడటం లేదని క్యాబిన్ సిబ్బంది ఆరోపించారు. మే 7 రాత్రి నుంచి రెండు వందలకు పైగా సిబ్బంది అనారోగ్యమని తెలియజేశారు. పెద్దసంఖ్యలో విమానాలు రద్దయ్యాయి. సంస్థ 25 మందిని తొలగించింది. మే 9న ఢిల్లీలో చీఫ్ లేబర్ కమిషనర్ సమక్షంలో చర్చలు జరిగి, వారిని తిరిగి చేర్చుకోవడానికి సంస్థ, విధులకు రావడానికి సిబ్బంది అంగీకరించారు.

4. సిబ్బంది చర్చలోని చిక్కులు

ఈ ఉదంతాలను కలిపి పరిశీలిస్తే సిబ్బంది ముందుండే ప్రశ్నలు మూడు.

మొదటిది సంఖ్యకు సంబంధించినది. భారతీయ నిబంధనల ప్రకారం విమానంలో ప్రతి 50 సీట్లకు కనీసం ఒకరు చొప్పున క్యాబిన్ సిబ్బంది ఉండాలి. 180 సీట్ల విమానానికి నలుగురు కావాలి. వారిలో ఒక్కరు రాక, బదులు మనిషి దొరకకపోతే విమానం నిండా ప్రయాణికులతో కదలలేదు. కొద్దిమంది గైర్హాజరుతోనే వ్యవస్థ స్తంభిస్తుంది కాబట్టి సిబ్బందికి బలం ఉంది. ఆ కొద్దిమందిని గుర్తించి తొలగించడం తేలిక కాబట్టి అదే బలహీనత కూడా.

రెండవది నిష్క్రమణకు సంబంధించినది. నచ్చకపోతే వేరే సంస్థకు వెళ్లవచ్చు కదా అనే వాదన తరచుగా వినిపిస్తుంది. పైలట్లకు ఆ దారి కూడా ఇరుకే. 2017 నాటి పౌర విమానయాన నిబంధన ప్రకారం కమాండర్ ఏడాది ముందు, సహ పైలట్ ఆరు నెలల ముందు రాజీనామా నోటీసు ఇవ్వాలి. వెళ్లలేనివాడు మాట్లాడాలి. మాట్లాడటానికి సంఘం కావాలి.

మూడవది నిజాయితీకి సంబంధించినది. అలసటతోగాని అనారోగ్యంతోగాని విమాన విధులు నిర్వహించరాదన్నది ఈ రంగంలో మూలసూత్రం. ఇక్కడ అనారోగ్య సెలవు హక్కు మాత్రమే కాదు, బాధ్యత కూడా. ఆరోగ్యంగా ఉన్నవారు అనారోగ్యమని చెప్పి నిరసన తెలిపితే, రేపు నిజంగా జబ్బుపడినవారి మాటకు విలువ తగ్గుతుంది. ప్రతి అనారోగ్య సెలవునూ యాజమాన్యం అనుమానించడం మొదలుపెడితే, అలసిన మనిషి భయపడి విధులకు వస్తాడు. అప్పుడు ఎదురయ్యే ప్రమాదం జీతాల వివాదం కన్నా పెద్దది.

5. ఇతర దేశాల అనుభవం

అమెరికాలో 1926 నాటి రైల్వే లేబర్ చట్టాన్ని 1936లో విమానయానానికి విస్తరించారు. మధ్యవర్తిత్వం విఫలమైందని జాతీయ మధ్యవర్తిత్వ మండలి ప్రకటించి, మధ్యవర్తి తీర్పునకు ఒప్పుకోవడానికి ఏదైనా పక్షం నిరాకరిస్తే, ఆపైన 30 రోజుల విరామం గడిచాక సమ్మెకు వీలుంటుంది. ఎదురుచూపు దీర్ఘమే అయినా దారికి చివర అంటూ ఒకటి ఉంది. 1993లో అలాస్కా ఎయిర్‌లైన్స్ క్యాబిన్ సిబ్బంది ఆ దశ దాటిన తరువాత అందరూ ఒకేసారి పని ఆపకుండా, ముందుగా చెప్పకుండా ఎంచుకున్న కొన్ని విమానాల్లో మాత్రమే సమ్మె చేశారు. అది సమ్మె అని వారు దాచలేదు, న్యాయస్థానం దాన్ని సమర్థించింది.

2025 ఆగస్టులో ఎయిర్ కెనడాకు చెందిన సుమారు 10,000 మంది క్యాబిన్ సిబ్బంది సమ్మెకు దిగారు. విమానం కదలక ముందు, ఆగిన తరువాత చేసే పనికి వేతనం లేకపోవడం వారి ప్రధాన ఫిర్యాదు. ప్రభుత్వ జోక్యంతో విధుల్లో చేరాలని ఆదేశం వచ్చినా సంఘం బహిరంగంగానే ధిక్కరించింది. కొద్దిరోజుల్లోనే ప్రాథమిక ఒప్పందం కుదిరింది. అందులోని వేతన ప్రతిపాదనను సభ్యులు ఓటింగులో 99.1 శాతంతో తిరస్కరించారు. నాయకత్వం అంగీకరించినదాన్ని కూడా సభ్యులు తూచి చూడగలిగారంటే, ఆ చర్చ ఓటు రూపంలో బహిరంగంగా జరగడమే కారణం.

6. ముగింపు

సమ్మె వల్ల ప్రయాణికులకు కలిగే కష్టం చిన్నది కాదు. సెలవు ముగించుకొని గల్ఫ్‌కు తిరిగి వెళ్లే కార్మికుడు సమయానికి చేరకపోతే అతని ఉద్యోగమే పోవచ్చు. కాబట్టి ముందస్తు నోటీసు కోరడం న్యాయమే. అయితే నోటీసు తరువాతి దారి గడువు లేని రాజీ ప్రక్రియలో ఇంకిపోతే ఆందోళన ఆగిపోదు, పేరు మార్చుకుంటుంది. పైన పేర్కొన్న మూడు భారతీయ ఉదంతాల్లోనూ జరిగింది అదే. పేరు మారిన నిరసనకు నోటీసు ఉండదు, ఓటు ఉండదు, బాధ్యత వహించే నాయకత్వం ఉండదు. ప్రయాణికుడికి తెలిసేది విమానాశ్రయానికి చేరాకే.

సెలవుకు సంబంధించిన నిర్వచనాన్ని విస్తరించడం వల్ల పేరు మార్చుకునే దారి మూసుకుపోవచ్చు. దానికి తోడు అసలు దారిని తెరిచి, రాజీకి కచ్చితమైన గడువు, సంఘానికి గుర్తింపు, సభ్యుల రహస్య ఓటు కల్పించినప్పుడే సమ్మెను సమ్మె అని, జబ్బును జబ్బు అని చెప్పగల పరిస్థితి ఏర్పడుతుంది. విమాన భద్రతకు ఈ రెండవ నిజం అత్యవసరం.