లిఫ్టు తాడు తెగినచో

ఎత్తయిన భవనములలో లిఫ్టు ఎక్కువారికి ఎప్పుడో ఒకప్పుడు ఈ సందేహము కలుగును: పైనుండి వ్రేలాడు ఉక్కుతాళ్లు తెగినచో గది క్రిందికి పడిపోదా? దీనికి జవాబును 1854 లో న్యూయార్కు ప్రదర్శనశాలలో ఎలిషా ఓటిస్ అను అమెరికా మెకానిక్కు జనుల యెదుట చూపెను. లిఫ్టుపై తాను నిలిచి, పైకి పోయిన పిమ్మట తాడు నరికించెను. లిఫ్టు కొద్దిగా జారి ఆగిపోయెను. కిటుకు సులభమే. తాడు బిగువుగా ఉన్నంతవరకు స్ప్రింగు ఒకటి వంగి యుండును. బిగువు పోగానే అది చాచుకొనును. దాని కొనలు ఇరుప్రక్కల పండ్లుగల కమ్మీలలో చిక్కుకొనును.

కాని తాడు తెగకయే, బ్రేకు చెడి, గది అతివేగముగా పోవచ్చును. అందుచే నేటి లిఫ్టులలో తాడు బిగువును గాక వేగమును కనిపెట్టు గవర్నరును అమర్చుదురు. గదితోపాటు కదలు సన్నని తాడొకటి గవర్నరు చక్రమును త్రిప్పుచుండును. వేగము హద్దు మీరగానే చక్రముపైని బరువులు, తిరుగలిలోని పిండి అంచునకు చేరునట్లు, వెలుపలికి జరుగును. అపకేంద్ర బలమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము తరగతిలో దొరకదు. అప్పుడు దవడలు ఆ సన్నని తాడును పట్టుకొనును. తాడు ఆగును, గది ఆగదు. కనుక తాడు గదికున్న మీటను లాగి, చీలలను పట్టాలకు బిగించును.

మరి గవర్నరు తాడే తెగినచో? 1945 జూలై 28 న పొగమంచులో దారి కానరాక ఒక సైనిక విమానము న్యూయార్కులోని ఎంపైర్ స్టేట్ భవనమును 79వ అంతస్తువద్ద ఢీకొనెను. ఉక్కుతాళ్లతోపాటు గవర్నరు తాడును తెగుటచే, లిఫ్టుగది ఒకటి దానిని నడుపు యువతితో సహా 75 అంతస్తులు పడిపోయెను. తెగిన తాళ్లు అడుగున చుట్టలుగా పడుటయు, ఇరుకు బావిలో గాలి అణగుటయు దెబ్బను తగ్గించెనందురు. ఆమె తీవ్రముగా గాయపడియు బ్రతికెను.

విమానము గ్రుద్దుట అరుదు. తుప్పు, దుమ్ము, ఎండిన గ్రీజు అరుదు కావు. చీలలు బిగుసుకొనిపోయినను లిఫ్టు ప్రతిదినము చక్కగానే నడచును, లోపము పైకి కనబడదు. పరీక్షించి చూచుట ఒక్కటే మార్గము. ఆ భారమును న్యూయార్కు నగరపు చట్టము భవన యజమానిపైననే ఉంచినది. కొత్త లిఫ్టు పెట్టుటకు పర్మిటు కావలెను. ఏటేటా ఒక పరీక్ష ఖాళీగదితో జరుగవలెను. ఐదేండ్లకొకమారు పూర్తి బరువుతో చీలలను, అంతకు నాలుగవవంతు అధికభారముతో బ్రేకును పరీక్షింపవలెను. అనగా 1,000 కిలోల లిఫ్టులో 1,250 కిలోలు ఉంచుదురు. పరీక్ష చేయు సంస్థ ఒకటి, దగ్గరుండి చూచు సంస్థ వేరొకటి. వాటికి పరస్పర సంబంధము ఉండరాదు. తన పనికి తానే సాక్ష్యము చెప్పుకొనుట ఎక్కడను చెల్లదు కదా!

తలుపులును తక్కువ ప్రమాదకరములు కావు. మరమ్మతు చేయువారు తలుపు మీటలను తీగతో కలిపి, పిదప ఆ తీగను తీయ మరచినచో, తలుపు తెరచియుండగనే గది కదలును. అట్టి స్థితిని గుర్తించి లిఫ్టును ఆపు ఏర్పాటు 2020 జనవరి 1 నాటికి ఆ నగరములోని పాత లిఫ్టులందును ఉండవలెనని నిర్ణయించిరి. తనిఖీలో ప్రాణాపాయకరమగు లోపము కనబడినచో, లిఫ్టును అప్పటికప్పుడే ఆపి నగర భవనశాఖకు తెలుపవలెను.