మిద్దె చల్లగా ఉంటే ఇల్లు చల్లగా

మన కర్నూలు, కడప సీమలో ఎండలు ఎట్లా ఉంటాయో వేరే చెప్పాలా? శివరాత్రి పోతే చాలు, ఎండ ముదురుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు కూడా దాటుతుంది. పనికి పోయినవాళ్లు ఏ చెట్టు కిందనో కాసేపు కూర్చుంటారు. ఇంట్లో ఉండే ముసలివాళ్లకు, బాలింతలకు, పసిబిడ్డలకు ఇల్లే నీడ. ఆ ఇల్లే పొయ్యిలా కాగితే వాళ్లు ఎక్కడికి పోవాలి?

ఎండలో తిరిగేవాళ్లకే వడదెబ్బ తగులుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. గాలి ఆడని వేడి ఇంట్లో ఉన్నా తగులుతుంది. 2015 ఎండాకాలంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లో కలిపి వడదెబ్బకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. కాబట్టి ఇల్లు చల్లగా ఉంచుకోవడం సోకు కాదు. ప్రాణాలు కాపాడుకోవడం.

వేడి ఎక్కడినుంచి వస్తుంది?

వడగాలి తలుపులు, కిటికీల నుంచి వస్తుంది. కానీ ఇంటి పైకప్పు నుంచి దిగే వేడి చాలా ఎక్కువ. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. పొద్దున నుంచి సాయంత్రం దాకా ఎండ అంతా మిద్దె మీదే పడుతుంది.

మన పెద్దోళ్లు ఈ సంగతి ఎరిగినవాళ్లు. దూలాలు వేసి, దంతెలు పరిచి, పైన మందంగా మట్టి పోసి మిద్దెలు కట్టారు. వాన నీళ్లు దిగకుండా చౌడు మట్టి వేశారు. గాలీ వెలుతురూ రావడానికి గవాచి పెట్టారు. మందమైన మట్టి నిదానంగా కాగుతుంది. ఆ వేడి లోపలికి దిగేసరికి పొద్దు గూకుతుంది.

ఇప్పుడు బండల మిద్దెలు, సిమెంటు మిద్దెలు, రేకుల ఇళ్లు వచ్చాయి. బేతంచెర్ల, ఎర్రగుంట్ల చుట్టుపక్కల దొరికే నాపబండలు మనకు తెలిసినవే. నేల మీద పరిస్తే ఆ బండ చల్లగా ఉంటుంది. అదే బండ మిద్దె మీద ఎండకు పెనంలా కాగుతుంది. రేకుల సంగతి చెప్పనే అక్కరలేదు.

మరి ఏం చేయాలి?

మిద్దెకు సున్నం కొట్టాలి. నలుపు ఎండను పీల్చుకుంటుంది. తెలుపు ఎండను తిప్పి కొడుతుంది. సున్నం నానబెట్టి, వడగట్టి, తుమ్మబంక నీళ్లు కలపండి. బంక కలిస్తే సున్నం తొందరగా రాలదు. మిద్దె మీద దుమ్ము ఊడ్చి రెండు పూతలు పూయండి. సున్నం కంట్లో పడకుండా చూసుకోండి. ఇంట్లో వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గవచ్చు. గుజరాత్‌లోని అహ్మదాబాదులో 2017లో పేదల ఇళ్ల పైకప్పులకు ఇట్లాగే తెల్లరంగు వేయించారు.

రేకుల మీదికి ఎక్కి నడవకండి. పగిలిపోతాయి. నిచ్చెన వేసుకుని అంచు నుంచి పూయండి. రేకుల కింద కొంచెం ఎడంగా తడిక కట్టినా వేడి తగ్గుతుంది. అయితే పొయ్యి ఉన్న చోట తడిక కట్టకండి. నిప్పు అంటుకుంటుంది.

పగలు కిటికీలు మూయాలి, రాత్రి తెరవాలి. పొద్దున తొమ్మిది దాటితే బయటి గాలి వేడెక్కుతుంది. అప్పుడు మూసేయండి. పొద్దు గూకినాక అన్నీ తెరవండి.

తడి గోనెపట్టా కట్టాలి. కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ. మనది పొడి ఎండ. ఇక్కడ తడి తొందరగా ఆరుతుంది. ఆరేటప్పుడు వేడిని పీల్చుకుంటుంది. కుండలో నీళ్లు చల్లబడేది అందుకే. ఒక కిటికీకి తడి గోనెపట్టా కట్టి తెరవండి. ఎదురు కిటికీ కొంచెం తీయండి. లోపలికి చల్లటి గాలి వస్తుంది. నీళ్లకు కరువే కదా అంటారా? బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు చాలు.

పడమటి పక్క నీడ పెంచాలి. సాయంత్రపు ఎండ పడమటి గోడను కాలుస్తుంది. అక్కడ వేపచెట్టో కానుగచెట్టో నాటండి. చెట్టు పెరిగేదాకా పందిరి వేసి చిక్కుడు తీగ పాకించండి.

ఇంత చేసినా ఎవరికైనా ఒళ్లు కాలిపోతుంటే, మాట తడబడుతుంటే, ఫిట్స్ వస్తే అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోన్ చేయండి. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిగుడ్డతో తుడిచి, విసరండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.

ఉగాదికి మనం ఇంటి గోడలకు సున్నం కొడతాం. పండగ వెనకాలే ఎండలు వస్తాయి. ఇంకొక బక్కెట్టు సున్నం ఎక్కువ కలుపుదాం. మిద్దె మీదా కొడదాం.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఇంటి పైకప్పు దేనితో కట్టారు? మధ్యాహ్నం ఇంట్లో ఎవరెవరు ఉంటారు?
2. మీ వీధిలో ఒంటరిగా ఉండే ముసలివాళ్లు ఎవరు? వాళ్ల మిద్దెకు సున్నం ఎవరు కొడతారు?