చొక్కా చేతిమీద పట్టీలు

శ్రీరామనవమికి భద్రాచలం పోయినప్పుడు చూసే ఉంటారు. కల్యాణం జరిగే చోట అడుగడుగునా పోలీసులే. అందరికీ ఖాకీ బట్టలే. మనకైతే అందరూ ‘సారు’లే. కానీ వాళ్లలో వాళ్లకు పెద్దా చిన్నా ఉంది. అది వాళ్ల బట్టల మీదే కనబడుతుంది. అక్షరాలు రానివాళ్లు కూడా పోల్చుకోవచ్చు.

ముందు చొక్కా చేతి పైభాగం చూడండి. కానిస్టేబుల్‌కు పట్టీలు ఉండవు. మూడు పట్టీలు ఉంటే హెడ్ కానిస్టేబుల్. ఒకదాని కింద ఒకటి, నాగలి కర్రు లాగా మొన కిందికి ఉంటాయి.

ఆ పైవాళ్లకు పట్టీలు పోయి, భుజం మీద చుక్కలు వస్తాయి. వాటినే స్టార్లు అంటారు. ఒకటి ఉంటే ఏఎస్సై. రెండు ఉంటే ఎస్సై. మూడు ఉంటే సీఐ. ఇక్కడే ఒక చిక్కుంది. డీఎస్పీకి కూడా మూడు చుక్కలే! మరి ఎట్లా తెలియాలి? భుజం చివర ఎరుపు, నీలం రంగుల రిబ్బను ఉంటే సీఐ. రిబ్బను లేకపోతే డీఎస్పీ. ఎస్పీకి మూడు సింహాల గుర్తు, దానితో ఒక చుక్క ఉంటాయి.

చర్ల, దుమ్ముగూడెం అడవి వైపు తిరిగే సీఆర్పీఎఫ్ వాళ్లవి మచ్చల బట్టలు. వాళ్లలోనూ మూడు పట్టీలంటే హెడ్ కానిస్టేబులే. మిలిటరీలో ఒక పట్టీ ఉంటే లాన్స్ నాయక్, రెండుంటే నాయక్, మూడుంటే హవల్దార్.

ఇదంతా మనకెందుకు అంటారా? ఒకరోజు మీ ఇంటి మనిషిని పట్టుకుపోయారనుకోండి. మీరు స్టేషనుకు పోతారు. ‘ఎవరు తీసుకొచ్చారమ్మా?’ అని అడుగుతారు. ‘పోలీసులు’ అంటే ఎవరని వెతకాలి? ‘మూడు పట్టీల సారు ఒకరు, పట్టీలు లేనివాళ్లు ఇద్దరు’ అంటే సగం తెలిసినట్టే. మిగతా సగం పేరు.

అరెస్టు చేసేవాళ్ల పేరు బట్టల మీద స్పష్టంగా కనబడాలని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. అది డి.కె. బసు కేసు. తర్వాత చట్టంలోనూ ఆ మాట చేరింది. 2024 జులై 1 నుంచి అమలైన కొత్త చట్టంలో అది 36వ సెక్షన్. ఆ పేరు చాలాసార్లు ఇంగ్లీషులో ఉంటుంది. చదవరాకపోతే ‘మీ పేరేంటి సారూ?’ అని అడగండి. అడగడం తప్పు కాదు.

అరెస్టు చేసేటప్పుడు ఒక కాగితం కూడా రాయాలి. దానిమీద ఇంటివాళ్లలో ఒకరో, ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. ఆ సాక్షి మీరే కావచ్చు. తేదీ, టైము ఉన్నాయేమో చూడండి. ఖాళీగా ఉంటే రాయమనండి. రాశాకే సంతకం పెట్టండి. ఎందుకంటే, పట్టుకున్న మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తేవాలి. దారి ప్రయాణం పోను, ఆ 24 గంటలు అరెస్టు చేసినప్పటి నుంచే లెక్క.